కొసరు లెక్క: వాడుకదారును నిలుపుకొనే రివార్డు పథకాలు ఎలా రూపొందుతాయి

సూరత్ రింగ్ రోడ్డు మీది బహుళ అంతస్తుల వస్త్ర మార్కెట్లకు పండుగలకు, పెళ్లి ముహూర్తాలకు ముందు దేశం నలుమూలల నుంచి చిల్లర వ్యాపారులు చేరుకుంటారు. విజయవాడ వస్త్రలత నుంచి, హైదరాబాద్ పత్తర్‌గట్టీ నుంచి వచ్చేవారూ వారిలో ఉంటారు. తెలుగు ఇళ్లలో పెట్టుపోతలకు కట్టలు కట్టలుగా కొనే సింథటిక్ చీరలకు ఈ నగరం పెద్ద వనరు. ఆ గుడ్డ నేసే మరమగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు కూడా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోని ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉండడానికి కారణం అక్కడి తెలుగు కుటుంబాలే.

బేళ్ల లెక్కన చీరలు కొనే వ్యాపారి, పావుకిలో కందిపప్పు కొనే మగ్గం కార్మికుడు ఇద్దరూ ఏదో ఒక దుకాణానికి వాడుకదారులే. వారు మళ్లీ తన గుమ్మమే తొక్కాలని ప్రతి దుకాణదారూ కోరుకుంటాడు. ఆ కోరికకు నేడు కార్డులు, పాయింట్లు, మొబైల్ యాప్‌లు, నెలవారీ బంగారు పథకాలు, డీలర్ల విదేశీ యాత్రలు రూపాలయ్యాయి. వీటిని రూపొందించడం సులువుగా కనిపిస్తుంది. ప్రారంభించిన రెండో ఏడాదికి గాని అందులోని అప్పు బయటపడదు.

అప్పు అన్న మాట ఇక్కడ ఉద్దేశపూర్వకమే. కూరల బండి దగ్గర కొత్తిమీర కట్ట, పాలవాడు కొలత అయ్యాక వంపే మరికాస్త పాలు, బియ్యం కొట్టులో దోసెడు గింజలు: ఇది కొసరు. అసలు కంటే కొసరు ముద్దు అన్న సామెత పుట్టింది ఇందుకే. కొసరు చేతిలో పడగానే లెక్క ముగుస్తుంది, ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. రివార్డు పాయింటు అలా కాదు. అది వాయిదా వేసిన కొసరు. ఈ రోజు అమ్మిన సరుకుకు రేపు ఇవ్వవలసినది. ఇచ్చేవరకు దుకాణం కొనుగోలుదారుకు రుణపడి ఉంటుంది. పథకం రూపకల్పనలో ఎదురయ్యే ప్రశ్నలన్నీ, ఎంత ఇవ్వాలి, ఎలా లెక్కించాలి, ఎప్పటిలోగా తీర్చాలి అన్నవి, ఈ ఒక్క తేడా నుంచే వస్తాయి.

మాట గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ‘లాయల్టీ’ అన్న ఆంగ్ల పదానికి నిఘంటువులు ‘విధేయత’ అని అర్థం చెబుతాయి. అందులో యజమాని ముందు చేతులు కట్టుకొని నిలబడిన సేవకుడి ఛాయ ఉంది. కొనుగోలుదారు ఎవరికీ సేవకుడు కాడు. తెలుగు బజారులో ఈ సంబంధానికి ‘వాడుక’ అనే చక్కని మాట ఎప్పటినుంచో ఉంది: పాల వాడుక, వాడుక కొట్టు. అందులో అలవాటు ఉంది, నమ్మకం ఉంది, నచ్చకపోతే మానుకునే స్వేచ్ఛ కూడా ఉంది.

సూరత్‌లో ‘లాయల్టీ’ అన్న మాటను వార్తల్లోకి తెచ్చింది కొనుగోలుదారులు కారు, ఉద్యోగులు. వజ్రాలు సానబట్టే హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ సంస్థ 2014 దీపావళికి తన సిబ్బందికి 491 కార్లను, వాటితో పాటు ఇళ్లను, నగలను బహుమతిగా ఇచ్చింది. 2016లో ప్రకటించిన కార్ల సంఖ్య 1,260. అది దేశమంతటా చర్చనీయమైంది. అయితే అక్కడ ఎవరు ఎన్నేళ్లు పనిచేశారో, ఎంత పని చేశారో యజమానికి ముందే తెలుసు. అది జరిగిన పనికి ప్రతిఫలం. కొనుగోలుదారుకు ఇచ్చే పాయింటు జరగబోయే కొనుగోలుపై ఆశతో ఇచ్చేది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, బహుమతి పెద్దదైతే చాలు జనం నిలిచిపోతారని భావించిన వ్యాపారులు చేతులు కాల్చుకున్నారు.

నేత కార్మికుల దుకాణం నుంచి విమానాల దాకా

ఈ పద్ధతికి మూలం వెతికితే అది కూడా ఒక నేత పట్టణానికే చేరుతుంది. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో నేత పనివారు, ఇతర వృత్తులవారు కలిసి 1844 డిసెంబరు 21న ఒక సహకార దుకాణం తెరిచారు. మిగులు లాభాన్ని సభ్యులకు వాటాల ప్రకారం గాక, ఎవరు ఎంత సరుకు కొన్నారన్న లెక్క ప్రకారం పంచారు. కొన్నకొద్దీ తిరిగి వచ్చే సొమ్ము అన్న ఆలోచన అలా స్థిరపడింది. సూరత్‌లో 1951లో ఏర్పడిన సుముల్ పాల సహకార సంఘంలో ఇదే సూత్రం రెండో వైపు నుంచి కనిపిస్తుంది: పోసిన పాలకు తగినట్టుగా ఉత్పత్తిదారులకు సంవత్సరాంతపు చెల్లింపు అందుతుంది.

అమెరికాలో స్పెర్రీ అండ్ హచిన్సన్ కంపెనీ 1896లో ఆకుపచ్చ స్టాంపులు ప్రవేశపెట్టింది. దుకాణాలు వాటిని కొని కొనుగోలుదారులకు ఇచ్చేవి. పుస్తకం నిండాక వస్తువుగా మార్చుకోవచ్చు. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణించిన మైళ్లకు లెక్క కట్టే పథకాన్ని మొదలుపెట్టింది. కంప్యూటర్లు వచ్చాయి కనుక ఎవరు ఎంత ప్రయాణించారో పేరుపేరునా నమోదు చేయడం సాధ్యమైంది. భారతదేశంలో షాపర్స్ స్టాప్ 1994లో ఫస్ట్ సిటిజన్ పథకాన్ని ఆరంభించింది. టాటా సంస్థలు 2022 ఏప్రిల్‌లో తెచ్చిన న్యూ యాప్‌లో ఒక నాణేనికి ఒక రూపాయి విలువ కట్టారు. ఈ చివరి అంశం చిన్నదిగా కనిపించినా మెచ్చదగినది. పాయింటు విలువ రూపాయిల్లో నేరుగా తెలిసినప్పుడు కొనుగోలుదారుకు గుణకార భాగహారాలతో పనిలేదు, దుకాణానికి దాచిపెట్టే వీలూ లేదు.

ఎంత ఇవ్వవచ్చు

ఒక చీరల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. వంద రూపాయల అమ్మకంలో సరుకు ఖరీదు 80 రూపాయలు, మిగిలేది 20. అద్దె, జీతాలు, కరెంటు ఈ ఇరవైలోంచే పోవాలి. ఒక వాడుకదారు ఏడాదికి 10,000 రూపాయల చీరలు కొంటున్నారు. యజమాని 5 శాతం పాయింట్లు ప్రకటించాడు. పాయింట్లన్నీ సరుకుగా తీర్చితే, వంద అమ్మకానికి ఇచ్చే 5 రూపాయల సరుకు దుకాణానికి 4 రూపాయలకు పడుతుంది. ఆ లెక్కన ఎప్పటిలాగే జరిగే 10,000 రూపాయల అమ్మకం మీదనే 400 రూపాయల ఖర్చు పెరిగింది. ఇది ఏ పథకమూ లేకపోయినా ఆ ఇంటివారు కొనేదే. ఈ 400 తిరిగి రావాలంటే అదనపు అమ్మకం జరగాలి. అదనపు అమ్మకంలో వందకు 20 కాదు, పాయింట్లు పోను 16 మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఆ ఇంటివారు అదనంగా 2,500 రూపాయల చీరలు కొంటే గాని పెట్టిన ఖర్చు తిరిగి రాదు. అంటే పథకం పెట్టిన తర్వాత వారి కొనుగోలు నాలుగో వంతు పెరగాలి. లాభం సంగతి ఆ తర్వాత.

అదే దుకాణం 1 శాతం ఇస్తే ఖర్చు 80 రూపాయలు. అదనంగా సుమారు 417 రూపాయల అమ్మకంతో అది తీరుతుంది. ఏడాదిలో ఒక మామూలు చీర. మొదటి పథకం గోడమీది ప్రకటనకు బాగుంటుంది, రెండోది నిలబడుతుంది. ఇంత చిన్న లెక్క వేయకుండా పోటీ దుకాణం 5 శాతం ఇస్తోందని తామూ 5 శాతం ఇచ్చేవారు తక్కువేమీ కాదు.

లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్‌లోని హూవర్ ఉదంతం చాలు. 1992లో ఆ సంస్థ 100 పౌండ్లకు పైగా విలువైన తమ వస్తువు కొన్నవారికి రెండు విమాన టికెట్లు ఉచితమని ప్రకటించింది, మొదట ఐరోపాకు, తర్వాత అమెరికాకు. టికెట్ ఖరీదు వస్తువు ధరను మించిపోయింది. షరతులు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారన్న అంచనా తలకిందులైంది. అక్కరలేనివారు కూడా టికెట్ల కోసం వాక్యూమ్ క్లీనర్లు కొన్నారు. సంస్థకు దాదాపు 5 కోట్ల పౌండ్ల నష్టం వచ్చింది, వివాదాలు న్యాయస్థానాలకు చేరాయి. కొసరును ప్రకటించి, దాన్ని అడగడానికి ఎవరూ రారని నమ్మడమే అక్కడి లోపం.

రాకను లెక్కించాలా, రూపాయిని లెక్కించాలా

ఎంత ఇవ్వాలో తేలాక దేనిని లెక్కించాలన్నది వస్తుంది. స్టార్‌బక్స్ కాఫీ దుకాణాలు అమెరికాలో ఒక కొనుగోలుకు ఒక నక్షత్రం ఇచ్చేవి. చిన్న కప్పు కొన్నా, ఆఫీసు మొత్తానికి కాఫీలు కొన్నా ఒకటే. కొందరు ఒకే ఆర్డరును నాలుగు బిల్లులుగా విడగొట్టించుకున్నారు. 2016 ఏప్రిల్‌లో ఆ సంస్థ డాలర్ల లెక్కకు మారింది. చిన్న కొనుగోలుదారులకు అది నచ్చలేదు. ఏ కొలమానం పెడితే జనం దాని చుట్టూ నడుస్తారు. టీ దుకాణానికి, క్షౌరశాలకు రాకల లెక్క సరిపోతుంది, అక్కడ ప్రతి బిల్లూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కిరాణాకు, బట్టలకు రూపాయల లెక్క న్యాయం.

కార్డు మీద గడుల సంఖ్య కూడా మనసుపై పనిచేస్తుందని పరిశోధకులు చూపారు. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, కార్లు కడిగే ఒక కేంద్రంలో 300 కార్డులు పంచారు. సగం మందికి ఎనిమిది గడుల ఖాళీ కార్డు. మిగతా సగానికి పది గడుల కార్డు, అందులో రెండు ముందే నింపినవి. రెండు జట్లకూ ఇంకా ఎనిమిది కొనుగోళ్లే కావాలి. మొదటి జట్టులో 19 శాతం, రెండో జట్టులో 34 శాతం కార్డు పూర్తి చేశారు. మొదలుపెట్టిన పనిని మధ్యలో వదలబుద్ధి కాదన్నది మనిషి నైజం. బోణీ కొట్టినట్టు తొలి రెండు గడులు దుకాణదారే నింపి ఇస్తే ఖర్చు పెరగదు, ఆసక్తి పెరుగుతుంది.

అయితే ఇవన్నీ తరచూ కొనే వస్తువులకు వర్తించే సంగతులు. చీర, నగ అలాంటివి కావు. ఒక ఇంట్లో పెళ్లి వచ్చిన ఏడాది లక్షల్లో కొంటారు, మరుసటి రెండేళ్లు సంక్రాంతికో దసరాకో తప్ప దుకాణం మెట్లెక్కరు. పెళ్లి కొనుగోలు మీద వేల పాయింట్లు జమచేసి, 90 రోజుల్లో వాడుకోకపోతే రద్దని రాసే దుకాణాలు ఆ కుటుంబానికి బహుమతి ఇచ్చినట్టు కాదు, ఆశ పెట్టి లాక్కున్నట్టు. సీమంతం, బారసాల, గృహప్రవేశం దాకా ఆ పాయింట్లు బతికి ఉంటేనే ఆ ఇంటివారు తిరిగి వస్తారు. లెక్క మనిషి పేరుమీద గాక ఇంటి పేరుమీద ఉంటే మరీ మంచిది. తల్లి కొన్నదానికి కూతురు పాయింట్లు వాడుకోవడంలో దుకాణానికి పోయేదేమీ లేదు. చీరల కొనుగోలు ఎన్నడూ ఒంటరి వ్యవహారం కాదు.

వాడని పాయింట్లు ఎవరివి

జారీ అయిన పాయింట్లలో కొంత భాగం ఎప్పటికీ వాడకంలోకి రాదు. కొందరు మరిచిపోతారు, కొందరి ఫోన్ నంబరు మారుతుంది. దీనిని ఆదాయంగా చూసే ధోరణి పథకాలను పాడుచేస్తుంది. వాడని పాయింట్ల మీద లాభం కోరే దుకాణం క్రమంగా వాటిని వాడడం కష్టం చేస్తుంది: కనీస పరిమితి పెంచుతుంది, పండుగ రోజుల్లో చెల్లవంటుంది, తగ్గింపు సరుకుకు వర్తించవంటుంది. ఆఖరుకు బిల్లు కౌంటరు దగ్గర నలుగురిలో ‘మీ పాయింట్లు పనికిరావు’ అని చెప్పించుకున్న కొనుగోలుదారు, పథకమే లేని దుకాణానికి వెళ్లడం మేలనుకుంటారు.

గణాంక నియమాలు ఈ బాకీని గుర్తిస్తాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఇండ్ ఏఎస్ 115 ప్రమాణం ప్రకారం, దానికి లోబడే కంపెనీలు అమ్మకం సొమ్ము మొత్తాన్ని ఆనాడే ఆదాయంగా రాసుకోరాదు. వంద రూపాయల సరుకుతో పాటు, ఎందరు వాడుకుంటారన్న అంచనాను కలుపుకొని 4 రూపాయల విలువైన పాయింట్లు ఇచ్చారనుకుంటే, 96 రూపాయల 15 పైసలు ఆనాటి ఆదాయం. మిగిలిన 3 రూపాయల 85 పైసలు పాయింట్లు తీరేదాకా బాకీ పద్దులో ఉంటుంది. చిన్న దుకాణాలకు ఈ ప్రమాణం వర్తించదు. కానీ బాకీ వారికీ ఉంటుంది. కోటి రూపాయల అమ్మకం మీద 1 శాతం పాయింట్లిచ్చిన దుకాణం లక్ష రూపాయల సరుకును ఎవరో ఒకరోజు వచ్చి అడుగుతారని వేరే నోటుపుస్తకంలోనైనా రాసుకోవాలి. పండుగ వారంలో అందరూ ఒకేసారి రావడం మామూలు.

బంగారు పథకం: కొసరు కాస్తా పొదుపైనప్పుడు

గుజరాత్‌లో, తెలుగు రాష్ట్రాల్లో కూడా మధ్యతరగతి ఇళ్లకు బాగా తెలిసిన వాడుక పథకం నగల దుకాణాల నెలవారీ చీటీ. 11 నెలలు వాయిదా కట్టితే, పన్నెండో వాయిదాను దుకాణమే కలిపి నగ ఇస్తుంది, లేదా తరుగు, మజూరీలో తగ్గింపు ఇస్తుంది. ఇక్కడ క్రమం తిరగబడిందని గమనించాలి. మామూలు పాయింట్ల పథకంలో దుకాణం బాకీ పడేది కొసరు మేరకే. ఇందులో అసలు సొమ్మే ముందుగా దుకాణం చేతికి వెళుతుంది.

నెలకు 5,000 రూపాయల చొప్పున 11 నెలలు కట్టితే 55,000. దుకాణం 5,000 కలిపితే 60,000. వాయిదాలు దుకాణం వద్ద ఉన్న కాలాన్ని బట్టి చూస్తే, ఇది ఏడాదికి సుమారు 18 శాతం సాధారణ వడ్డీతో సమానం. బ్యాంకు ఇవ్వనిది నగల దుకాణం ఎలా ఇస్తుందన్న సందేహానికి సమాధానం నగ బిల్లులోనే ఉంది. తరుగు, మజూరీ కలిపి బంగారం విలువపై 12 శాతమనుకుంటే, జీఎస్టీని పక్కన పెట్టి, 60,000 రూపాయల నగలో బంగారం 53,571 రూపాయలది. మిగతా 6,429 తరుగు, మజూరీ. కలిపిన 5,000 అందులోంచే తిరిగి వస్తుంది. ఇలాంటి పథకాల్లో నాణేలకు, బిస్కెట్లకు గాక నగలకే బోనస్ వర్తింపజేయడం అందుకే. ఇందులో మోసమేమీ లేదు. ఎలాగూ నగే కావలసిన ఇంటికి తరుగు చాలావరకు తగ్గినట్టే. పొదుపుగా భావించి చేరినవారికి మాత్రం అది పొదుపు కాదు.

మరో ముఖ్యమైన తేడా వాయిదాను రూపాయిగా జమచేస్తారా, ఆనాటి ధర ప్రకారం గ్రాములుగా జమచేస్తారా అన్నది. ధర పెరిగే ఏడాదిలో రూపాయిగా నిలిచిన సొమ్ముకు చివర్లో తక్కువ బంగారం వస్తుంది, బోనస్ కూడా దానిలో కరిగిపోవచ్చు. గ్రాములుగా జమైతే నెలనెలా సగటు ధర పడుతుంది. చేరేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. బోనస్ ఎంత అన్నది రెండోది.

పదకొండు నెలలే ఎందుకన్నదానికి చట్టంలో జవాబుంది. 2013 కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన డిపాజిట్ల స్వీకరణ నియమాల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా సరుకు కింద సర్దుబాటు చేయాలి. అది దాటితే డిపాజిట్‌గా పరిగణిస్తారు, డిపాజిట్లకు వర్తించే కఠిన నిబంధనలు మొదలవుతాయి. కంపెనీలు కాని దుకాణాలనూ కలుపుకొని 2019లో క్రమబద్ధం కాని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వచ్చింది. వ్యాపారంతో నిజమైన సంబంధం ఉన్న అడ్వాన్సుకు అందులో మినహాయింపు ఉంది. కానీ సొమ్ము వాపసు ఇవ్వవలసి వచ్చినప్పుడు, గడువు తేదీ నుంచి 15 రోజుల్లో ఇవ్వకపోతే అది డిపాజిట్ అవుతుంది. ఇంత ఉన్నా, దుకాణం మూతపడితే చీటీ కట్టినవారి చేతిలో ఉండేది రసీదు పుస్తకమే. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా రక్షణ దీనికి లేదు. కూతురి పెళ్లికని ఏళ్ల తరబడి చీటీ మీద చీటీ కట్టే కుటుంబాలకు ఈ తేడా చాలా పెద్దది. ఆ మాట పథకం కార్డు మీదనే పెద్ద అక్షరాల్లో రాయడం రూపకల్పనలో భాగం కావాలి.

టోకు మార్కెట్లో వాడుక

రింగ్ రోడ్డు టోకు వ్యాపారంలో పాయింట్లకు పెద్ద స్థానం లేదు. అక్కడ వాడుకకు వేరే కొలతలు ఉన్నాయి: త్వరగా డబ్బు చెల్లించినవారికి బిల్లుపై తగ్గింపు, నమ్మకస్తుడికి ఎక్కువ రోజుల గడువు, అమ్ముడుపోని సరుకు విషయంలో కొంత పట్టువిడుపు. కొత్త డిజైను ముందుగా ఎవరికి చూపిస్తారన్నది కూడా ఒక బహుమతే. దలాలీ మధ్యవర్తులు ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో ఇరువైపులా చెప్పగలరు.

ఏడాదిలో ఇంత సరుకు ఎత్తిన డీలరుకు బంగారు నాణెం, విదేశీ యాత్ర వంటివి ఇచ్చేచోట పన్ను ప్రవేశిస్తుంది. 2022 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, వ్యాపార సంబంధంగా ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలకు మించిన ప్రయోజనం కల్పిస్తే, ఇచ్చేవారు 10 శాతం పన్ను మినహాయించి జమచేయాలి. బిల్లులోనే ఇచ్చే అమ్మకపు తగ్గింపులకు ఇది వర్తించదని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2022 జూన్‌లో వివరణ ఇచ్చింది. కోటి రూపాయల లోపు టర్నోవరు గల వ్యక్తిగత వ్యాపారులకు మినహాయింపు ఉంది. అందువల్ల ఒకే విలువ గల కొసరు బిల్లు తగ్గింపుగా ఇస్తే ఒక తీరు, బ్యాంకాక్ యాత్రగా ఇస్తే మరో తీరు. యాత్ర నుంచి తిరిగివచ్చాక, తన లెక్కల్లో దాని విలువ ఆదాయంగా కనిపించి ఆశ్చర్యపోయే డీలర్లకు ముందే ఈ సంగతి చెప్పడం సరఫరాదారు బాధ్యత.

ఫోన్ నంబరు ధర

పాయింట్ల పథకంలో చేరడానికి చిల్లర దుకాణం అడిగేది ఫోన్ నంబరు. దాని వెనుక ఎవరు, ఎప్పుడు, ఏమి కొన్నారన్న చరిత్ర పేరుకుంటుంది. నిజానికి చాలా పథకాల్లో దుకాణానికి దక్కే అసలు లాభం ఇదే. 1 శాతం పాయింటు దానికి చెల్లించే వెల. ఈ మాట దాచనక్కరలేదు. వెల సరిపోతుందో లేదో కొనుగోలుదారు నిర్ణయించుకుంటారు.

బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇవ్వాలని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర వ్యాపారులకు సూచించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతులు ప్రకటించడం కూడా అదే కోవలోకి వస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మరింత స్పష్టంగా ఉంది. సమాచారం దేనికోసమో చెప్పి అనుమతి తీసుకోవాలి, అనుమతి ఇవ్వడం ఎంత సులువో ఉపసంహరించుకోవడం అంతే సులువుగా ఉండాలి. ఆ నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకునే అవకాశం కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. కనుక సూరత్‌లో ఉన్న తెలుగు కుటుంబం ఆ నోటీసును తెలుగులో కోరవచ్చు. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడింది, నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తాయి.

పథకాన్ని ఎలా ముగించాలన్నది మొదటి రోజే రాసిపెట్టుకునే దుకాణాలు అరుదు. ఫలానా తేదీ తర్వాత కొత్త పాయింట్లు ఉండవు, పాతవి ఫలానా తేదీ దాకా చెల్లుతాయి, ఈ రెండింటి మధ్య కనీసం ఒక పండుగ సీజను ఉంటుంది అన్న మూడు వాక్యాలు చాలు. రాత్రికి రాత్రి యాప్ మూసేసిన దుకాణానికి ఆ కొనుగోలుదారులు మళ్లీ వాడుకదారులు కావడం కష్టం.

లింబాయత్ వంటి కార్మిక ప్రాంతాల కిరాణా కొట్లలో కార్డులూ యాప్‌లూ పెద్దగా పనికిరావు. అక్కడ వాడుకను నిలిపేది అరువు ఖాతా. పగార్ చేతికి వచ్చేదాకా బియ్యం, నూనె ఆ పుస్తకంలో రాయించుకొని తీసుకెళతారు. మగ్గం ఆగిన వారాల్లో ఇంటిని నడిపేది ఆ పుస్తకమే. బాకీ తీరేదాకా మరో కొట్టుకు వెళ్లనివ్వనిదీ అదే. అందుకే కిలోకు రూపాయి ఎక్కువ పడినా అడగడానికి నోరు రాదు. అలాంటి చోట కొట్టు యజమాని తన వాడుకదారుకు ఇవ్వగలిగిన కొసరు ఒకటుంది. ఖాతా పుస్తకాలు రెండు పెట్టి, రాసిన ప్రతిసారీ తేదీ, ధర, మొత్తం రెండింటిలోనూ వేసి, ఒకటి ఆ ఇంటికి పంపడం. దానికయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం.